ఏరు దాటి వచ్చిన గింజ

ఆ ఇత్తడి మానిక నాది కావలసింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివి ఎవరూ నన్ను మంచిదాన్ని అనుకోకుండా.

మానిక అంటే గింజలు కొలిచే పాత్ర, అంతే. మా ఇంట్లో ఉన్నదానికి అంచున ఒక సొట్ట, అడుగున ఒక అతుకు. కానీ పొద్దున్నే గాదె దగ్గర నిలబడి దాంతో జొన్నలు కొలిచే మనిషే ఆ ఇంటికి యజమానురాలు. ఈ పూట ఎంత వండాలి, పాలేళ్ళకు ఎంత, గుమ్మంలోకి వచ్చి అడిగినవాడికి ఎంత, అన్నీ ఆ చేతిలోనే ఉండేవి. మా అత్త మానిక నిండా పోసి, అరచేత్తో పైన రాసి, అందులోంచి ఒక పిడికెడు తీసి తిరిగి గాదెలో వేసేది. గాదె ఎప్పుడూ అడుగంటకూడదని అలా వెయ్యాలట. ఆ పిడికెడు వెయ్యడం చూస్తూ పెరిగాను నేను.

పెరిగాను అన్నది ఊరికే అంటున్న మాట కాదు. ఆమె నాకు అత్తగారు కాకముందే మేనత్త, మా నాన్న తోడబుట్టింది. మా అమ్మ నన్ను కని పురిట్లోనే పోతే, ఆమె బండి కట్టించుకొని బెల్లంకొండ వచ్చి, నన్ను ఒళ్ళో వేసుకొని మాచవరం దగ్గర తన ఊరికి తీసుకుపోయింది. ఆ ఇంట్లోనే పాకాను, ఆ ఇంట్లోనే ఓణీ వేసుకున్నాను, ఆమె పెద్దకొడుకునే చేసుకున్నాను. పెళ్ళిపీటల మీద నుంచి లేచి నేను పోయింది రోజూ పోయే వంటింట్లోకే. ఆ మానిక ఏదో ఒకనాటికి నా చేతికి వస్తుందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రేపు పొద్దు పొడుస్తుందా అని ఎవరైనా అడుగుతారా?

అప్పుడు మా మరిదికి ఏటి అవతల నుంచి పిల్లను తెచ్చారు.

కృష్ణ దాటితే నైజాం. అవి యుద్ధం రోజులు. అటు గింజ ఇటు రాకూడదు, ఇటు గింజ అటు పోకూడదు అని రేవులో జవాన్లు మూటలు విప్పి చూసేవాళ్ళు. పెళ్ళికూతురి మూట ఎవరు విప్పుతారు? ఆమె పుట్టిలో కూర్చొని ఏరు దాటి, మా గుమ్మంలో కుడికాలు పెట్టి, ఒడిబియ్యంతో పాటు ఒక ఎండు కంకుల కట్ట తెచ్చింది. పైపొరలు ఒలిచి వెనక్కి తిప్పి, వాటినే జడలా అల్లి, కంకులన్నీ ఒక గుత్తిగా కట్టారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. నవ్వితే చెంప మీద గుంట పడేది. ఆ గుంట నాకు మొదటి రోజే నచ్చలేదు.

"అక్కా, గీ మక్కలు ఏడ పెట్టాలె?" అని నన్ను అడిగింది.

"మక్కలంటే ఏందే?" అంది మా అత్త నడుం వంచి చూస్తూ. చూసి నవ్వింది. "ఓసి, మొక్కజొన్నలా! మనకీ ఉన్నయి గదా, బావి కాడ నాలుగు మొక్కలు, పిల్లలు కాల్చుకు తింటానికి."

"మా తల్లిగారింట్ల గటక వండుకొని తింటరు," అంది ఆమె. ఇంట్లో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

మాకు తిండి అంటే జొన్న. పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం జొన్న సంకటి, సందెవేళ జొన్నరొట్టె. వరి అన్నం పండగకు, పెళ్ళికి, జ్వరం తగ్గినవాడికి. మొక్కజొన్న కంకి అంటే తుంపర పడుతున్నప్పుడు నిప్పుల మీద తిప్పుకొని కొరికే చిరుతిండి. దాన్ని కుండలో వేసి వండుకొని, అది అన్నం అనుకొనేవాళ్ళు ఉంటారని మాకు తెలియదు. ఆమె ఆ కట్టను పొయ్యి పైన దూలానికి వేలాడదీస్తుంటే, "మసి పట్టిపోద్ది, వంటింట్లో ఇదేం దిష్టిబొమ్మ?" అన్నాను.

"ఉండనీవే, దాని పుట్టింటి గురుతు," అంది మా అత్త.

నాకు చురుక్కుమంది. నా పుట్టింటి గురుతు ఏదని ఆమె ఏనాడైనా అడిగిందా? అడగదు. నా పుట్టిల్లూ, నా అత్తిల్లూ ఆమే కదా. అది గొప్ప అని అన్నాళ్ళూ అనుకున్నాను. ఆ పూట మాత్రం నాకంటూ దూలానికి కట్టుకోవడానికి ఏమీ లేదే అనిపించింది.

తోడికోడలు చెడ్డదైతే ఎంత బాగుండేది! ఎదురు మాట్లాడేది కాదు, చాటుగా తినేది కాదు, మొగుడికి చాడీలు చెప్పేది కాదు. నేను కసిరితే "అట్లనే అక్కా" అనేది. నేను తోమిన చెంబును మళ్ళీ తోమేది కాదు. ఇలాంటి మనిషి మీద ఓర్వలేనితనం పెట్టుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఒక్క వంక దొరికితే ప్రాణం హాయిగా ఉండేది, ఆ ఒక్కటీ దొరకనివ్వలేదు మహాతల్లి.

యుద్ధం ముగిసింది, మా కరువు ముగియలేదు. వానలు మొహం చాటేశాయి. జొన్నచేలు కంకి తియ్యకముందే పొట్టలోనే మాడిపోయాయి. నేలపాతరలో ఉన్న జొన్నలు అడుగంటాయి. అప్పుడు మాచర్లలో కంట్రోలు కొట్టు దగ్గర కొత్త గింజలు ఇస్తున్నారని కబురొచ్చింది. రైలు ఆఖరి స్టేషను మాచర్లే కాబట్టి ఏ బస్తా అయినా అక్కడే దిగాలి. మా ఆయన, మరిది బండి కట్టుకొని పోయి రెండో రోజుకు తిరిగొచ్చారు. బస్తా మూతి విప్పి చూస్తే పచ్చగా, బల్లపరుపుగా, గుర్రప్పళ్ళలాంటి మొక్కజొన్నలు.

"అమెరికా నుంచి ఓడల్లో వచ్చినయ్యంట," అన్నాడు మా ఆయన. "అక్కడ పందులకీ గొడ్లకీ పెడతారంట."

"గొడ్లు తినంగా లేంది మనం తినలేమా?" అని మా అత్త మానికతో కొలిచి నా ముందు తట్టలో పోసింది. "పెద్దదానా, ఏం చేస్తావో చెయ్యి."

పొయ్యి దగ్గర నేను పుట్టిపెరిగినదాన్ని. గింజ ఏదైతేనేం, పేరులో జొన్న ఉంది, జొన్నలాగే చేద్దామనుకున్నాను. తిరగలి ముందు కూర్చున్నాను. జొన్నలైతే గుప్పెడు పోస్తే జారిపోతాయి. ఇవి తిరగలి కంతలో ఇరుక్కొని కదలవు. వేలితో పొడిచి, నీళ్ళు చిలకరించి, బలం కొద్దీ తిప్పితే రాయి కీచుమంది. భుజాలు పడిపోయేదాకా తిప్పి, పిండి అనుకొని నేను పోగేసినదాంట్లో సగం పొట్టు రేకులు. దాన్నే ఎసట్లో పోసి కెలికి సంకటి చేశాను. చూడటానికి బంగారంలా ఉంది. కూర్చోబెట్టి అందరికీ ముద్దలు పెట్టాను.

మా మావ రెండో ముద్దకే పొలమారి దగ్గాడు. పొట్టు రేకు గొంతుకు అంటుకుంది. మా ఆయన నోట్లోంచి గింజ మొదట ఉండే నల్లటి మొన ఒకటి తీసి వేళ్ళ మధ్య పట్టుకొని చూశాడు. "ఏందే ఇది, తవుడు తిన్నట్టుంది," అన్నాడు. నేను "తినేవాళ్ళు తినండి, లేకపోతే లేదు" అని విసురుగా లేచాను. తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ కడుపులు పట్టుకున్నారు, వండినదాన్ని నాతో సహా.

అప్పుడు వచ్చింది తోడికోడలు నా దగ్గరకు, పెరట్లోకి, ఎవరూ లేనప్పుడు. "అక్కా, మక్కలు గట్ల ఇసుర్రాదు. జర నాననియ్యాలె. తడి మీదనే దంచితే పొట్టు ఊడుతది. నేను చెయ్యనా?"

నలుగురిలో చెప్పి నన్ను చిన్నబుచ్చి ఉంటే దులిపేసేదాన్ని. చాటుగా చెప్పింది. దానికీ ఒళ్ళు మండింది. "చెయ్యి తల్లీ చెయ్యి, నీ దేశపు దినుసు నువ్వే చెయ్యి," అన్నాను.

సందెవేళ గింజలు నానబోసింది. పొద్దున నీళ్ళు వార్చి, తడి ఆరకముందే రోట్లో పోసి దంచింది. గట్టిగా కాదు, రోకలిని బరువు మీద వదిలేస్తున్నట్టు. పొట్టు పల్చటి రేకులుగా లేచింది. చాటలో చెరిగితే ఆ రేకులూ, నల్లటి మొనలూ ఎగిరిపోయాయి. మిగిలింది నీడలో ఆరబెట్టి, అప్పుడు తిరగలికి పోసింది. పిండి కాదు, రవ్వ. జొన్న సంకటికి పట్టే ఎసరుకి రెట్టింపు పట్టింది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, మూత పెట్టి, మధ్యమధ్య తెడ్డు తిప్పుతూ కూర్చుంది. అంత సేపు నేను చూడలేదు. చూడనట్టు చూశాను.

గటక కంచాల్లో పోస్తే వెన్నలా జారింది. మజ్జిగ పోసుకున్నారు, నేను పట్టిన పండుమిరప కొరివికారం నంజుకున్నారు. పళ్ళు కదిలిపోతున్న మా అత్త నమిలే పని లేకుండా మింగి, కంచం ముందుకు తోసింది.

"ఏమే చిన్నదానా, ఇంకొంచెం ఎయ్యి."

ఇంకొంచెం! జ్ఞానం వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు వండిపెట్టాను. బాగుందనీ ఏనాడూ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నా వంట ఆమె నేర్పిన వంటే కదా, తన చేతిని తనే మెచ్చుకుంటుందా అని సరిపెట్టుకునేదాన్ని. ఆ పూట మా ఆయన కూడా వేళ్ళు నాకాడు. కొరివికారం ఎవరు పట్టారని మాత్రం ఒక్క పురుగూ అడగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే కారం ఘాటు అన్నాను.

ఈ మధ్య మా మనవరాలు ఏదో పుస్తకం చదువుతూ చెప్పింది. ఈ మొక్కజొన్న అసలు మన దేశపుదే కాదట. సముద్రాల అవతల, అమెరికా ఖండంలో, అక్కడి పాతకాలపు మనుషులు ఏదో గడ్డిజాతి మొక్కను తరతరాలుగా ఏరి, విత్తి, మళ్ళీ ఏరి కంకిగా చేశారట. దాన్ని దేవతలా కొలిచేవాళ్ళట. తర్వాత తెల్లవాళ్ళ ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగిందట. మన దేశానికి బుడతకీచులు, అదే పోర్చుగీసువాళ్ళు, తెచ్చి ఉంటారట. ఎక్కడ దిగితే అక్కడ పేదవాళ్ళ కుండలోకి చేరిందట. అక్కడివాళ్ళు గింజను సున్నపు నీళ్ళలో ఉడికించి పొట్టు తీసేవాళ్ళనీ, గింజ తీసుకుపోయినవాళ్ళు ఆ పద్ధతి తీసుకుపోకపోతే, ఒట్టి మొక్కజొన్నే తిని బతికినచోట జనానికి చర్మం పగిలే జబ్బులొచ్చాయనీ కూడా చెప్పింది. విని నాకు తిరగలి గుర్తొచ్చింది. గింజ ఒక్కటే వస్తే చాలదు, దాన్ని వండే చెయ్యి కూడా వెంట రావాలన్నమాట. మా ఇంటికి చెయ్యి ముందు వచ్చింది, గింజల బస్తా తర్వాత వచ్చింది. రెండూ కలిసి వచ్చింది నా నెత్తి మీదికే.

అంతటితో ఆగిందా పిల్ల? "నానమ్మా, మిరపకాయ కూడా అక్కడి నుంచే, ఆ ఓడల్లోనే వచ్చింది," అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. పల్నాడు మిరపకాయ పరదేశిదా! ఇల్లు ఊడ్చినంత సహజంగా మేం కొరివికారం పడుతుంటే, అది కూడా ఒకనాడు మూట చంకన పెట్టుకొని గుమ్మంలో నిలబడి, ఏడ పెట్టాలె అని అడిగిందే అన్నమాట. దాన్నేమో నా సొంతం అనుకొని గర్వపడ్డాను, మక్కల్నేమో పైదని ఈసడించాను. నవ్వొచ్చింది. నవ్వొచ్చినంత మాత్రాన మంట చల్లారదు, అది వేరే సంగతి.

సరే. ఆ మరుసటేడు దేవుడు కరుణించి నాలుగు చినుకులు పడ్డాయి. మోటబావి కింద పొలం చెక్కలో మక్కలు వేద్దామని మా మరిది పట్టుబట్టాడు. కంట్రోలు గింజ మొలుస్తుందో లేదో నమ్మకం లేక, దూలానికున్న కట్ట దించి, పెళ్ళాం తెచ్చిన విత్తనమే వేశాడు. మనిషిని మించి పెరిగింది చేను. ఊళ్ళో జొన్న రైతులు పనిమాలా వచ్చి చూసిపోయేవాళ్ళు. "కంకి నెత్తిన పెట్టుకోకుండా నడుముకు పెట్టుకుందేందిరా ఇది!" అని ఒక ముసలాయన బుగ్గన వేలేసుకున్నాడు. చంకన బిడ్డనెత్తుకున్న ఆడదానిలా ఉందని మా అత్త మురిసిపోయింది. నాకు ఆ చేను పక్క నుంచి నడవాలంటేనే తిక్క రేగేది. ఆకులు మొహానికి కోసుకుంటాయని చెప్పి చుట్టుదోవన పోయేదాన్ని.

పంట ఇంటికొచ్చాక వచ్చింది తగవు. మాది పాతర్ల సీమ. వాకిట్లో గొంతు ఇరుగ్గా, లోపల పెద్ద కాగులా వెడల్పుగా గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేస్తాం. ఏళ్ళ తరబడి చెక్కుచెదరవు. మక్కలు కూడా వలిచి పాతరలో పొయ్యమన్నాడు మా మావ. తోడికోడలు గాభరాగా నా దగ్గరకొచ్చింది. మావతో నేరుగా మాట్లాడటం ఆమెకు లేదు. చిన్నకోడలి మాట పెద్దకోడలే మొయ్యాలి, మా ఇళ్ళలో అది పద్ధతి.

"అక్కా, మక్కలు పాతరల పొయ్యరాదు. పైకి ఎండినట్టు కొడ్తయి, లోపట పచ్చి ఉంటది. కంకులతోనే చూరుకు కట్టాలె. మామకు జర చెప్పవా?"

చెప్పాను. చెప్పలేదని ఎవరూ నన్ను అనలేరు. "మావా, చిన్నది పాతర వద్దంటంది. చూరుకు కట్టాలంట," అని ఉన్నదున్నట్టు చెప్పాను.

"బండెడు కంకులు చూరుకు కడతారంటనా?" అన్నాడు మావ. "ఏటి అవతల పాతర్లు లేవు గాబట్టి చూర్లు పట్టుకొని ఏలాడతన్నారు. మా తాత పోసిన జొన్నలు మా నాయన తిన్నాడు ఈ పాతరలోంచి. పొయ్యండి!"

ఆ మాట వెనక్కి మోసుకొస్తుంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఎంత హాయి! "వద్దన్నాడమ్మా మావ, నేనేం చేసేది?" అన్నాను, మూతి వీలైనంత బాధగా పెట్టి. ఆమె తలూపి, విత్తనానికని ఒక్క కట్ట మాత్రం తీసుకుంటానంది. తీసుకోమన్నాను. ఆ రోజు నా మనసు చానా విశాలంగా ఉంది.

మళ్ళీ విత్తే రోజులకు పాతర తెరిచారు. తెరవగానే ఎవరూ దిగరు. లోపల చెడుగాలి ఉంటుంది, మనిషి ప్రాణం తీస్తుంది. ముందు తాడు కట్టి దీపం దించుతారు. జొన్నలకైతే ఒక పూట గాలి ఆడనిస్తే దీపం నిలిచేది. ఆ రోజు ఎన్నిసార్లు దించినా గొంతులోనే ఆరిపోయింది. వేపకొమ్మలతో విసిరి విసిరి, ఎండ నడినెత్తికి వచ్చాక పాలేరు దిగాడు. పైకి తెచ్చిన తట్టలో గింజలు లేవు. నల్లగా, ఆకుపచ్చగా గడ్డలు కట్టిన బూజు ఉంది. ఆ కంపుకు ఎద్దులు కూడా మొహం తిప్పుకున్నాయి. మావ అరుగు మీద కూలబడి తలపట్టుకున్నాడు.

ఇంటి తిండి పోయిందనే దిగులు నాకు లేదా? ఉంది. దాని కింద ఇంకోటి ఉంది. ఏటి అవతలి దినుసు ఇంకేం నిలబడుతుంది, ఇక పీడ వదిలింది అనుకున్నాను. సరిగ్గా అప్పుడు మా అత్త వంటింట్లోకి పోయి, తల పైకెత్తి, మసి పట్టిన ఆ ఒక్క కట్టను చేత్తో తడిమి చూసింది. ఒక గింజ ఊడదీసి పంటి కింద పెట్టింది. టప్‌మని విరిగింది.

"చిన్నది ఉండబట్టి ఇత్తనమన్నా మిగిలింది," అంది.

చూశారా? తప్పు చేసింది మావ. మాట మోసింది నేను. మెచ్చుకోలు చిన్నదానికి.

అప్పుడు నిశ్చయించుకున్నాను, ఆ గటకేదో నేనే పట్టేయాలని. అడిగి నేర్చుకోవడం నా వల్ల కాదు, ప్రాణం పోయినా కాదు. ఆమె పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా నేను పక్కనే కూరలు తరిగేదాన్ని. రవ్వ పోసేటప్పుడు ఎసరు ఎంత మరుగుతోంది, ఉప్పు ముందు వేస్తోందా తర్వాతా, తెడ్డు ఎటు తిప్పుతోంది, అన్నీ ఓరకంట పట్టాను. ఆమె చేనుకు పోయినప్పుడు చిన్న ముంతలో వండి, నాకు నేనే రుచి చూసుకొని, బాగా రాకపోతే కుడితిలో కలిపేసేదాన్ని. మా బర్రె ఆ ఏడాది బాగా తిన్నది. చివరికి ఒకనాడు తెడ్డు నుంచి గటక జారిన తీరు చూసి నాకే తెలిసిపోయింది, వచ్చేసిందని.

ఇంతలో మా అత్త కళ్ళకు పొర కమ్మింది. మనిషి నీడలా కనపడేది, మొహం తెలిసేది కాదు. ఆపైన కాళ్ళు వాచి మంచం పట్టింది. అయినా మానిక వదల్లేదు. తలాపున పెట్టుకొని, గింజలు తట్టతో మంచం దగ్గరకు తెప్పించుకొని, తడుముకుంటూ కొలిచేది. పైన చేత్తో రాసి, పిడికెడు తీసి, "గాదెలో ఎయ్యండే" అని పక్కకు చాపేది. ఆ పిడికెడు అందుకొనేది నేనే. రేపో మాపో ఆ మానిక కూడా ఇలాగే నా చేతికి వస్తుందని నాకు గట్టి నమ్మకం. నా ఆశంతా దాని మీదే ఉండేదని దాచుకోవడం ఎందుకు?

ఆ రోజు తోడికోడలు బయట చేరింది. ఆ మూడు రోజులూ ఇంట్లోకి రాకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. కొట్టం పక్క పంచలో చాప మీద ఉంది. మధ్యాహ్నం వేళ, మగవాళ్ళు చేలో ఉన్నారు. అత్త నాలుగు రోజులుగా ఏదీ సయించక నోరు తిప్పేస్తోంది. గటక చేశాను. పొట్టు రేకు ఒక్కటి లేకుండా, వెన్నలా. మజ్జిగ కలిపి, గిన్నె పట్టుకొని మంచం పట్టె మీద కూర్చొని, మాట్లాడకుండా ముద్ద నోటికందించాను.

ఆమె కళ్ళు మూసుకొని మింగింది. మొహం విప్పారింది. "ఇంకో ముద్ద పెట్టవే చిన్నదానా," అంది.

నా చెయ్యి ఆగింది. మళ్ళీ పెట్టాను.

"నీ చెయ్యి ఎక్కడికి పోద్దే! పెద్దదీ ఉంది, పుట్టినకాడి నుంచీ పొయ్యి కాడే ఉంది. దానికి ఈ గటక పట్టుబడలా." తింటోంది, అంటోంది. గిన్నె దాదాపు ఖాళీ చేసింది. కొంగుతో మూతి తుడుచుకొని, తలాపున చెయ్యి పెట్టి తడిమి, మానిక తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇదిగో. రేపటి నుంచి నువ్వే కొలువు. పెద్దదానికి ఇప్పుడే చెప్పమాక, ఏడుస్తది."

ఒళ్ళో మానిక. చల్లగా ఉంది, నేననుకున్నదాని కంటే బరువుగా ఉంది. అంచున సొట్ట నా వేళ్ళకు తెలుస్తోంది. నోరు మూసుకొని కూర్చోవడం నా జాతకంలో లేదు.

"అత్తా, నేను. పెద్దదాన్ని."

"నువ్వా?"

"నేనే."

"గటక?"

"నేనే పెట్టా."

ఆమె పెదాలు నాలుకతో తడిమి చూసుకుంది. "అదేనా," అంది. "ఉప్పు తక్కువైందేందా అని అనుకుంటానే ఉన్నా."

తర్వాత చెయ్యి చాపింది. ఎందుకు చాపిందో నాకు తెలుసు. ఇవ్వలేదు. "ఎందుకత్తా?" అన్నాను. "నేనేం తక్కువ చేశా నీకు? నీ ఒళ్ళో పెరిగినదాన్ని నేను. అది నిన్న గాక మొన్న ఏరు దాటొచ్చింది."

"అందుకేనే," అంది. "నువ్వు మా అన్న కూతురివి. ఈ ఇంట్లో నిన్ను కాదనేవాడెవడు? మానిక ఉన్నా లేకపోయినా ఈ ఇల్లు నీదే. అది ఏటి అవతలి పిల్ల. నేను పోయినాక దాని మొహం చూసేదెవురు? నువ్వా?"

పొర కమ్మిన ఆ కళ్ళు నా మొహం చూడలేవని తెలిసి కూడా తల పక్కకు తిప్పుకున్నాను.

"పిలువు దాన్ని," అంది.

"బయట ఉందత్తా."

"అయితే తలకు పోసుకొని రానీ." చేత్తో తడుముకుంటూ నా ఒళ్ళో నుంచి మానిక తీసుకొని, మళ్ళీ తలాపున పెట్టుకొని, దాని మీద కొంగు కప్పింది.

ఆమె అన్నది న్యాయమే. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు తిరగేసి చూశాను, న్యాయమే. న్యాయమైతే మాత్రం మండదా? ఇప్పుడు మా పల్నాడులో ఎక్కడ చూసినా మొక్కజొన్న చేలే. కోళ్ళ దాణాకి లారీలకు లారీలు పోతున్నాయి. మాచర్ల బస్టాండులో ఉడకబెట్టిన గింజలు కాగితపు గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారు. నన్ను తినమని ఎవరైనా ఇస్తే వద్దంటాను. పళ్ళు లేవని చెబుతాను.

ఆ మధ్యాహ్నం గిన్నె తీసుకొని వంటింట్లోకి వచ్చాను. పెరటి గుమ్మంలోంచి పంచలో ఆమె కనపడుతోంది, చాప మీద కూర్చొని తల దువ్వుకుంటోంది. "అత్త తిన్నదా అక్కా?" అని దూరం నుంచే అడిగింది. తిన్నదని చెప్పాను. గిన్నె అడుగున ఒక ముద్ద మిగిలింది. వేలితో తీసి నోట్లో వేసుకున్నాను.

ఉప్పు సరిగ్గానే ఉంది.